పుల్లరియు పాశ్చాత్య రాజకీయవాదములును

పుల్లరి యను మాట నేడు నిఘంటువులయందును పలనాటి వృద్ధుల నోటను మాత్రమే నిలిచియున్నది. పుల్లనగా గడ్డి, అరి యనగా పన్ను. అడవిలో పశువులను మేపుకొనినందులకు సర్కారువారు పశు వొక్కంటికి ఇంతయని గైకొనుచుండిన పైకమే పుల్లరి. ఈ స్వల్పమైన పన్నును గూర్చి 1921, 1922 సంవత్సరములలో మాచర్ల, గురజాల ప్రాంతములయందు జరిగిన పోరాటము ఆంధ్రదేశచరిత్రమున ప్రసిద్ధమైనది. మించాలపాటి కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు నేలకొరిగినది ఈ పోరాటముననే. ఆ వీరుని వృత్తాంతము పలుమాఱు వ్రాయబడినది. అందిమిడియున్న ప్రశ్న మాత్రము తగినంతగా విచారింపబడలేదు. ఎవ్వరును విత్తక, ఎవ్వరును నీరు పోయక, వాన కురియగానే మొలచెడి పచ్చిక యెవరి సొత్తు?

ఐరోపాఖండమున మూడు శతాబ్దములుగా పుట్టి పెరిగిన రాజకీయవాదములన్నియు ఈ ప్రశ్నకు వేర్వేఱు సమాధానములు చెప్పినవి. పాఠశాలలయం దీ వాదములను బోధించునపుడు స్వాతంత్ర్యము, సమత్వము, సౌభ్రాత్రము మున్నగు పెద్దమాటలతో ఆరంభింతురు. ఆ మాటలను కాదనువారు లేరు. కావున నొక వాదమునకును మఱియొక వాదమునకును భేదమేమో విద్యార్థికి తెలియదు. పేరులు మాత్రము కంఠస్థములగును. ఒక బఱ్ఱెను, ఒక యడవిని, ఒక బందెలదొడ్డిని ముందిడి యడిగినచో భేదము వెంటనే తేటపడును.

ముందుగా పదములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఐడియాలజీ యను పదమును 1796లో దెస్తూ ద త్రాసీ యను ఫ్రెంచి పండితుడు కల్పించెను. భావముల పుట్టుకను పరీక్షించు శాస్త్రమని యాతని యుద్దేశము. నెపోలియను ఆ పండితవర్గమును ఎగతాళి చేయుటతో దానికి నిందార్థ మబ్బెను. పిదప మార్క్సు, ఎంగెల్సు ఆ పదమును, పాలించువర్గము తన లాభమును లోకహితముగా చూపుకొను భ్రాంతి యను నర్థమున వాడిరి. తెలుగువారు దీనిని భావజాలమనిరి. జాలమనగా సమూహమును అగును, వలయు నగును. ఈ శ్లేష మూలమునందు లేదు; అనువాదమే యిచ్చట మూలమును మించినది. ఇక ఇజమను ప్రత్యయమునకు వాదమను మాట స్థిరపడినది. న్యాయశాస్త్ర మెఱిగినవారికి వాద మనునది కేవల మభిప్రాయము కాదు. తత్త్వనిర్ణయము కొఱకు ప్రతిపక్షమును ఎదుట నుంచుకొని చేయు విచారమే వాదము. గెలుపు కొఱకు చేయునది జల్పము. తన పక్షమేదియు నిలుపక పరపక్షమును ఖండించుటతోనే తృప్తిపడునది వితండము. ఈ భేదము మీదట పనికివచ్చును.

లిబరలిజమునకు మూలపురుషులలో నొకడని చెప్పబడు జాన్ లాకు, 1689లో వెలువడిన తన రెండవ ప్రభుత్వప్రకరణమున, ఆస్తి యెట్లు పుట్టెనని విచారించెను. భూమి యెల్ల మానవులకు ఉమ్మడిగా నీయబడినది. అందొకడు తన శ్రమను కలిపిన భాగము వానిదగును. ఇది సూత్రము. దీని కాత డిచ్చిన యుదాహరణములలో గడ్డియే యుండుట పలనాటి చరిత్ర మెఱిగిన వానిని ఆపివేయును. ఉమ్మడినేలయందు తన గుఱ్ఱము మేసిన గడ్డియు, తన సేవకుడు కోసిన పచ్చికపెళ్లయు, తాను త్రవ్విన లోహమును తనవేయని యాతడు చెప్పెను. గుఱ్ఱము మేసిన గడ్డి గుఱ్ఱపువాని దగుట సహజముగనే తోచును. సేవకుడు కోసినది యజమాని దేల కావలయును? శ్రమయే ఆస్తికి మూలమైనచో పాలేరు కోసిన మోపు పాలేరిదే కావలెను గదా. ఈ యొక్క చిన్న యుదాహరణమునందే రాబోవు రెండువందల యేండ్ల కలహమంతయు దాగియున్నది. మఱియు దున్నబడని నేల వ్యర్థమనియే లాకు భావించెను. పలనాటివంటి వాన తక్కువ ప్రదేశమున బీడు వ్యర్థము కాదు. ఈ యేడు బీడైన చేను పశువునకు మేత. పశువు వేసిన పేడ వచ్చు నేటి జొన్నకు ఎరువు.

ఇంతమాత్రమున లాకు సిద్ధాంతమును తేలికపఱుపరాదు. రాజు తలచినప్పుడెల్ల ప్రజను చెఱలో వేయరాదు, సమ్మతి లేక పన్ను గొనరాదు అను న్యాయమును లోకమున స్థాపించినవారిలో నాతడు ముఖ్యుడు. పుల్లరి కట్టనన్న రైతు పక్షమున వాదింపదలచిన ప్లీడరుకు తొలియాయుధ మందే దొరకును. కాని వ్యక్తికి కోటకట్టిన ఆ సిద్ధాంతము ఉమ్మడికి గోడయైనను కట్టలేదు. ఇంగ్లండునందు పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దములలో పార్లమెంటు వేలకొలది శాసనములచే గ్రామపు ఉమ్మడిబీళ్లకు కంచెలు వేయించి ఆసాముల పరము గావించెను. తెలుగున లిబరలిజమును ఉదారవాద మనుచున్నారు. ఉదారుడనగా దాత. ఆ వాదమునకు దానముతో సంబంధము లేదు; స్వేచ్ఛతో సంబంధము. బోధించు పండితులు ఈ పదము దగ్గఱ ఒక నిమిషము ఆగుట మంచిది.

జాన్ స్టూవర్టు మిల్లు 1859లో స్వేచ్ఛను గూర్చి వ్రాసిన గ్రంథము ఈ వాదమునకు శిఖరము. అంతకు పూర్వము 1823 మొదలు 1858 వఱకు నాతడు ఈస్టిండియా కంపెనీ లండను కార్యాలయమున ఉద్యోగి. తన స్వేచ్ఛాసూత్రము ఇంకను వెనుకబడియున్న సమాజములకు వర్తింపదని యా గ్రంథమునందే మినహాయించెను. ఆ మినహాయింపు క్రిందికి వచ్చినవారిలో పలనాటి రైతును ఒకడు. అయినను మిల్లునకు న్యాయము చేయవలెనన్న, కడపటి కాలమున నాతడు ఇంగ్లండునందు మిగిలిన ఉమ్మడిబీళ్లను కాపాడుటకు పాటుపడెననియు, సోషలిజమును సానుభూతితో పరిశీలించెననియు చెప్పవలెను. గొప్పవాదమునకు లక్షణము తన తప్పును తానే చూడగలుగుట.

సంప్రదాయవాదము, అనగా కన్సర్వేటిజము, దీనికి ప్రతిపక్షముగా పుట్టినది. 1789లో ఫ్రెంచి జాతీయసభయందు రాజపక్షీయులు అధ్యక్షునికి కుడివైపునను ప్రతిపక్షులు ఎడమవైపునను కూర్చుండిరి; నేటి కుడి యెడమల పుట్టుక అది. మఱుసటియేట ఎడ్మండు బర్కు ఆ విప్లవమును ఖండించుచు, సమాజమనునది జీవించియున్నవారి నడుమనే కాక గతించినవారికిని పుట్టబోవువారికిని నడుమగల పొత్తు అని వాదించెను. ఈ వాదము ధనికుల పక్షమని సామాన్యముగా చెప్పుదురు. అది నిజమే. కాని పుల్లరి యొరగంటిపై గీచి చూచినచో వేఱొక రంగు కనబడును. పూర్వాచారమును మన్నింపవలెననువాడు పూర్వాచారమైన మేతహక్కును గూడ మన్నింపవలసివచ్చును. 1217లో ఇంగ్లండు రాజు మూడవ హెన్రీ పేర వెలువడిన అడవి శాసనము స్వతంత్రపౌరులకు రాజారణ్యములయందు మేత, వంటచెఱకు మున్నగు హక్కులను ఒప్పుకొనినది.

చెన్నపురి రాజధానియందును ఇట్టి విచిత్రమే జరిగెను. 1870వ సంవత్సర ప్రాంతమున అడవుల శాసనము తలపెట్టబడినపుడు చెన్నపురి రెవిన్యూబోర్డువారు దాని నెదిరించిరి. ఈ రాజధానిలో ఏదియో యొక గ్రామము పొలిమేరలో లేని అడవి లేదు. వానిపై సర్కారు ఎన్నడును సొంతహక్కు చెప్పుకొని యుండలేదు. గ్రామస్థుల యనుభవము అనాదిగా వచ్చుచున్నది. ఇది 1871లో వారు చేసిన వాదముయొక్క సారము. ఎదుటిపక్షమున బేడెన్ పవెలు అను అధికారి, అనుభవము వేఱు హక్కు వేఱు, రాజు దయతో సహించినది హక్కు గానేరదని తర్కించెను. ఆతని మాటయే నెగ్గినది. 1878లో ఇండియా అడవుల చట్టమును, 1882లో చెన్నపురి అడవుల చట్టమును వచ్చినవి. గ్రామస్థుల పక్షమున అప్పుడు గట్టిగా మాటాడినవారు విప్లవకారులు గారు. పాతలెక్కలు చదివిన రెవిన్యూ ఉద్యోగులు. చరిత్రము వాదముల పేరులనుబట్టి నడవదనుటకు ఇంతకంటె దగ్గఱి నిదర్శన మక్కఱలేదు.

శాసనము ఫలితము పలనాట నెట్లుండెనో ఊహించుటకు ఆ సీమ స్వరూపము తెలియవలెను. ఉత్తరమున కృష్ణ, పడమట నల్లమల, నడుమ నాపరాళ్లనేల. కృష్ణ యొడ్డుననే పాఱుచున్నను పొలమునకు నీరెక్కదు. నాగార్జునసాగర జలములు 1967లో వచ్చువఱకు జొన్నయు పశువును ఇచ్చటి రైతుకు రెండు కాళ్లు. అడవికి హద్దురాళ్లు పడగానే ఒక కాలు సర్కారువారి చేత చిక్కినది. చీటి లేక మేసిన పశువు బందెలదొడ్డికి పోవును. విడిపించుకొనుటకు పైకము కావలెను. కఱవు వచ్చిన యేడు అడవి మేతయే శరణ్యము. ఆ యేడే చేత పైకము లేకుండుటయు సహజము.

సహాయనిరాకరణోద్యమము 1921లో దేశమంతట వ్యాపించినపుడు పలనాటివారు పుల్లరి కట్టుట మానివేసి పశువులను అడవికి తోలిరి. వారి స్థితిగతులను విచారింప కాంగ్రెసువారు పంపిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి బంధింపబడి చెఱసాల పాలైరి. గ్రామములయందు ఉద్యోగులకు చాకలి, మంగలి సేవలును భోజనసామగ్రియు అందకుండ చేసిరి. పత్రికలు దీనిని బాయికాటు అని వర్ణించెను. ఈ మాట ఐర్లండునుండి వచ్చినది: 1880లో అచ్చటి కౌలురైతులు బాయికాటు అను ఎస్టేటు అధికారిని ఇట్లే ఏకాకిని జేసిరి. మాట ఐర్లండుదైనను పని పలనాటికి క్రొత్తది గాదు. వెలి యను మాట ఊరూర నున్నదే. అయితే వెలి యను ఆయుధము పంచమునిపై తరతరములుగా ప్రయోగింపబడినదే యనుటయు మఱవరాదు. అదే కత్తి ఇప్పుడు తిరుగవేయబడినది.

జాతీయవాదము పచ్చిక ప్రశ్నకు చెప్పిన సమాధానము సులభమైనది: పచ్చిక దేశముది, పరాయి సర్కారుది గాదు. జాతి యనగా నేమని ఫ్రెంచి పండితుడు రెనాను ప్యారిసునందు ఉపన్యసించినది 1882లో, చెన్నపురి అడవుల చట్టము వచ్చిన యేడే. పూర్వవైభవస్మరణమును, కలసి జీవింపవలెనను సంకల్పమును జాతికి ప్రాణములని యాతడు చెప్పెను. మంచిదే. కాని జాతియం దెవ్వరి బఱ్ఱె ముందు మేయవలెనను ప్రశ్నకు అందు ఉత్తరము లేదు. చౌరీచౌరా ఘటన పిమ్మట 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గము ఉద్యమమును నిలిపివేసి, రైతులు సర్కారు పన్నులు చెల్లింపవలెననియు, జమీందారుల న్యాయమైన హక్కులపై దాడి చేయుట కాంగ్రెసు ఉద్దేశము గాదనియు తీర్మానించెను. కొలది దినములకే మించాలపాటిలో తుపాకులు మ్రోగెను. హనుమంతు మరణమును కాంగ్రెసు ఉద్యమచరిత్రలో కలిపి చదువుట వాడుక. తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో ఆ చదువునకు ఒక చిక్కు తగులును.

ఆ పోరాటమున చెఱకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు చెఱసాలలో మాలపల్లి నవలను రచించెను. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాటివాడును, ఐర్లండునందలి డబ్లినునందు బారిష్టరు విద్య నభ్యసించినవాడును అగు నీ రచయిత పుల్లరి ప్రశ్నను ఒక మెట్టు లోనికి త్రవ్వెను. సర్కారునకును రైతునకును నడుమగల వివాదమును విడిచి, రైతునకును పాలేరునకును నడుమగల వివాదమును చేపట్టెను. సంగదాసు కూలివారిని కూడగట్టుటయు, చౌదరయ్య చేతిలో హతుడగుటయు, సోదరుడు వెంకటదాసు ధనికుల సొత్తు గొని దీనులకు పంచు మార్గము పట్టుటయు అందలి కథ. లాకు ఉదాహరణమున మాటాడక నిలిచిన సేవకుడు ఇచ్చట నోరు తెఱచెను. 1917 రష్యావిప్లవపు గాలి అందున్నదని చెన్నపురి సర్కారువారు 1923లో దానిని నిషేధించిరి. 1937లో రాజాజీ మంత్రివర్గము వచ్చిన తరువాతగాని ఆ చిక్కు పూర్తిగా వీడలేదు.

సోషలిజము ఈ ప్రశ్ననుండియే కొంత పుట్టినదనుట చాలమంది యెఱుగరు. 1842లో కార్లు మార్క్సు, ఇరువదినాలుగేండ్ల వయస్సున, రైను రాష్ట్రపు పత్రికలో వ్రాసిన తొలి వ్యాసములలో నొకటి అడవిలో రాలిన పుల్లలను గూర్చినది. అచ్చటి శాసనసభ, పేదలు ఎండుపుల్లల నేరుకొనుటను దొంగతనముగా పరిగణించు చట్టమును చర్చించుచుండెను. రాలిన పుల్ల చెట్టుది కాదు, కావున చెట్టుగలవానిదియు కాదని మార్క్సు వాదించెను. ఆర్థికవిషయములవైపు తన దృష్టిని మొదట త్రిప్పినది ఆ చర్చయేయని 1859లో నాతడే వ్రాసికొనెను. పుల్లరియు పుల్లలును ఇట్లు ఒక్కచోట చేరినవి. కాని యా వాదమున పుట్టిన రాజ్యములు అధికారమునకు వచ్చిన పిదప చెప్పిన సమాధానము వేఱు: పచ్చిక రాజ్యముది; రాజ్యము శ్రామికులది; కావున పచ్చిక శ్రామికులది. ఈ యనుమానమున రెండవ యవయవము అసిద్ధము. బేడెన్ పవెలు సర్కారుపేర కోరిన దానిని వీరు ప్రజలపేర పొందిరి.

సామ్యవాదము తెలుగునాట వ్యాపించిన పిమ్మట పలనాటి వీరచరిత్రను చదువు తీరు మాఱినది. శ్రీనాథ కృతమని ప్రసిద్ధమైన ఆ ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతము 1911లో ప్రకటించెను. బ్రహ్మనాయుడు సకలకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి పెట్టిన చాపకూడును, మాలకులజుడైన కన్నమదాసునకు ఆతడిచ్చిన పదవియు తెలుగుదేశపు తొలి సామ్యవాదమని పలువురు వ్రాసిరి. ఉత్సాహము మెచ్చదగినదే, పదప్రయోగము సరికాదు. సోషలిజము సొత్తును గూర్చినది. చాపకూడు పొత్తును గూర్చినది. ఎవరు ఎవరితో కలసి తినవచ్చునను ప్రశ్నయు, ఎవరి ధాన్యము తినుచున్నారను ప్రశ్నయు వేర్వేఱు. పండ్రెండవ శతాబ్దపు వీరవైష్ణవమున మొదటి ప్రశ్నకు సాహసమైన సమాధాన మున్నది. రెండవదానిని ఆ కథ అడుగలేదు. ఐరోపావాదములు రెండవదాని నడిగి మొదటిదానిని అడుగలేదు. వినుకొండకు చెందిన గుఱ్ఱము జాషువ 1941 నాటి గబ్బిలమున కులబాధను చెప్పినపుడు ఏ పాశ్చాత్యవాదపు సంచిలోను అది పూర్తిగా ఇముడకపోవుట కిదియే కారణము. చాపకూటిని సామ్యవాదమని విద్యార్థికి చెప్పిన పండితుడు రెంటికిని అన్యాయము చేసినవాడగును.

నరసరావుపేట యువకవులు ఈ సందిగ్ధమును కవిత్వమున మోసిరి. కుందుర్తి ఆంజనేయులు, బెల్లంకొండ రామదాసు, ఏల్చూరి సుబ్రహ్మణ్యము కలసి 1944లో వెలువరించిన నయాగరా అభ్యుదయకవిత్వమునకు తొలిసంపుటమని పేరొందినది. అమెరికా జలపాతము పేరు కఱవుసీమ కవులకు నచ్చుటలో ఆశ్చర్య మేమున్నది!

ఫాసిజమును గూర్చి విస్తరింప నక్కఱలేదు. 1922 అక్టోబరులో ముస్సోలినీ అధికారమునకు వచ్చినది మొదలు 1945 వఱకు అది చేసిన మారణము లోకవిదితము. పచ్చిక ప్రశ్నకు దాని సమాధానము, అడుగువానిని కొట్టుట.

స్వాతంత్ర్యానంతరము 1955వ సంవత్సరము పలనాటికి ఒక విచిత్రసంవత్సరము. జనవరిలో ఆవడి కాంగ్రెసు సామ్యవాద తరహా సమాజమును ఆదర్శముగా ప్రకటించెను. ఫిబ్రవరి ఎన్నికలలో ఆంధ్రరాష్ట్రపు కమ్యూనిస్టుపక్షము నూటికి ముప్పదికి మించి ఓట్లు పొందియు 196 స్థానములలో 15 మాత్రమే గెలిచెను. డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. పశువుపై నాధారపడిన సీమ కాలువపై నాధారపడ నారంభించినది. జొన్నచేలు మాగాణులును ప్రత్తిచేలును ఐనవి. ఇక్ష్వాకుల విజయపురి నీట మునిగెను. అదే గుంటూరుమండలమున నిడుబ్రోలువాడైన ఎన్. జి. రంగా, 1936లో అఖిల భారత కిసానుసభ స్థాపకులలో నొకడై, 1959లో సహకారవ్యవసాయ తీర్మానము నెదిరించి రాజాజీతో కలసి స్వతంత్రపక్షమును స్థాపించెను. ఎఱ్ఱజెండాకు దగ్గఱగా నుండినవాడు లాకు పక్షమునకు చేరెనని హేళన చేసినవారు కలరు. ఆయన దృష్టిలో రెండుచోట్లను రక్షింపవలసినది ఒక్కటే, రైతు చేతిలోని నేల. నేల లేని పాలేరు ఆ చిత్రమున ఎచ్చట నిలుచునన్నది మాలపల్లి నాటి ప్రశ్న.

ఇంకొక శాఖ అడవికే వెళ్లినది. యుద్ధానంతరము బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమున ప్రవేశించెనని పలనాటి కథ. 2004 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వముతో చర్చల కని నల్లమల వెడలిన మావోయిస్టు నాయకులు ఆ గుత్తికొండ కడ జనులకు కనబడిరి. హైదరాబాదు చర్చలు కొలది నెలలకే భగ్నమయ్యెను, మరల తుపాకులు. వీరులు బిలమున కేగుటయు బిలమునుండి వచ్చుటయు పలనాటి వీరగాథలు వినువారికి అబ్బురము గాదు. కాని సాయుధులైన ఇరువురి నడుమ చిక్కిన చెంచుగూడెమునకు మేతహక్కు ఎవ్వరివలనను నిశ్చయముగా సిద్ధింపలేదు.

ఇక భవిష్యత్తు. 1989లో, బెర్లిను గోడ కూలుటకు ముందే, ఫ్రాన్సిసు ఫుకుయామా అను అమెరికను పండితుడు, లిబరలు ప్రజాస్వామ్యముతో వాదముల చరిత్ర ముగిసినదని వ్రాసెను. 1991లో సోవియట్టు రాజ్యము అంతరించుటతో ఆ మాట సిద్ధాంతమైనట్లే తోచెను. 2008 నాటి బ్యాంకుల పతనము, 2016లో ఇంగ్లండు ఐరోపాసమాఖ్యను వీడ నిశ్చయించుట, ఆ యేడే అమెరికాలో ట్రంపు ఎన్నిక, ఆ సిద్ధాంతమును పూర్వపక్షము చేసినవి. ఇప్పుడు విజృంభించుచున్నది క్రొత్తవాద మొకటి యనుటకంటె వాదముల స్థానమున వితండము ప్రబలుచున్నదనుట నిజమునకు దగ్గఱ. వలసవచ్చినవాడు వలదు, పండితుడు వలదు, న్యాయస్థానము వలదు అను పక్షములు ఐరోపాలో పెక్కు కలవు. తమ స్థాపన యేమని యడిగిన ఉత్తరము దొరకదు. గౌతముడు వీనిని గుర్తుపట్టియుండును.

వితండమునకు అవకాశము దొరకుటకు హేతువు, వాదములు తమ మూలప్రశ్నలను మఱచుట. పచ్చిక ప్రశ్న పోలేదు, రూపము మార్చినది. 2005లో ఐరోపాసమాఖ్య, కర్మాగారములు గాలిలోనికి విడుచు బొగ్గుపులుసుగాలికి పరిమితులు విధించి, ఆ యనుమతులను క్రయవిక్రయము చేయు విధానము నేర్పఱచినది. ఇది ఆకాశముపై పుల్లరి కాదా? చీటి గొన్నవానికి మేపు హక్కు. చీటి గొనలేనివానికి బందెలదొడ్డి. జనులు దినదినము కంప్యూటరు యంత్రములయందు వ్రాయు మాటలను కూర్చి కంపెనీలు లాభము గడించుచుండగా, ఆ మాటలు వ్రాసినవారివా, ఏరుకొన్నవారివా అను తగవు నేడు పాశ్చాత్య న్యాయస్థానములలో నడచుచున్నది. రాలిన పుల్లల చర్చ మరల మొదలైనది.

ఈ విషయమున ఉపయోగకరమైన విచారము రాజకీయపక్షములకు వెలుపల జరిగినది. 1968లో గారెట్టు హార్డిను అను జీవశాస్త్రజ్ఞుడు ఉమ్మడి పచ్చికబయలు నుదాహరించి, ప్రతివాడును ఇంకొక పశువును తోలుటచే ఉమ్మడి తప్పక నశించుననియు, సర్కారో సొంతదారో యుండకతప్పదనియు వాదించెను. ఎలినారు ఆస్ట్రము 1990 నాటి గ్రంథమున దీనిని ఖండించి, గ్రామస్థులు తామే కట్టడులు చేసికొని ఉమ్మడిని శతాబ్దములు కాపాడుకొన్న తావులను లోకమంతట చూపెను. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రమున నోబెలు బహుమాన మిచ్చిరి. ఆమె పేర్కొన్న పరిశోధకులలో రాబర్టు వేడు ఒకడు. 1988లో వెలువడిన ఆతని గ్రంథమునకు విషయము నల్లమల కావలివైపున నున్న కర్నూలు జిల్లా గ్రామములు. కాలువనీటి పంపకమునకును, చేలపై పశువులు పడకుండ కాపలాకును ఊరివారు సొంత నిధి నేర్పఱచుకొని కావలివారిని పెట్టుకొనిరి. కోతలైన పిదప పొలములలో మేతహక్కును గొఱ్ఱెలకాపరులకు అమ్మి ఆ నిధికి చేర్చిరి. ఇట్టి కట్టడి అన్ని యూళ్ల లేదు. నీటికి ఎద్దడి గల కాలువ చివరి యూళ్లలోనే బలముగా నుండెను. పుల్లరి యొకటి యచ్చటను వసూలైనది. అయితే ఊరు వసూలుచేసి ఊరికే వెచ్చించినది. రాజనీతిశాస్త్రము చదువు విద్యార్థికి మిల్లు గ్రంథముతోపాటు ఈ గ్రంథము నందించిన మేలు.

పచ్చపక్షములనబడు వారు జర్మనీలో 1980లో పక్షముగా నేర్పడి క్రమముగా మంత్రివర్గములలో చేరిరి. వారు పచ్చిక ప్రశ్నకు మూడవ వాదిని తెచ్చిరి: పుట్టబోవువాడును, నోరులేని జంతువును. బర్కు చెప్పిన పొత్తు ఎడమవైపునకు వచ్చి కూర్చున్నది. నల్లమలలో ఇది గ్రంథవిషయము గాదు. 1983లో ప్రకటితమైన నాగార్జునసాగర శ్రీశైల పులుల రక్షితప్రాంతమున పచ్చిక పులి కాహారమైన దుప్పిది. దుప్పి పేర అటవీశాఖది. పులి బ్రతుకవలెననుటలో సందేహము లేదు. చెంచువాడు వేల సంవత్సరములు పులితో నుండియు పులి నశింపలేదనుటయు విచారింపదగినదే.

2006లో భారత పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము సామూహికహక్కులలో మేతహక్కును పేర్కొని, హక్కుల నిర్ణయమును గ్రామసభయందు ఆరంభింపవలెననెను. 1871 నాటి రెవిన్యూబోర్డు వాదమునకు నూటముప్పదియైదేండ్ల పిదప పాక్షికమైన అంగీకారము దొరకినది. గిరిజనులు గాని అటవీనివాసులు మాత్రము 2005 డిసెంబరు 13కు పూర్వము మూడు తరములు, అనగా డెబ్బదియైదేండ్లు, అడవిని ఆశ్రయించి యుండిరని ఋజువు చూపవలెను. ఋజువులలో అటవీశాఖ పాత దస్తావేజులు చెల్లును. అనగా 1921లో పుల్లరి చీటిని ముట్టనని చేయి వెనుకకు తీసినవాని మనుమడు, తాత పశువులు ఆ యడవిలో మేసెనని చూపుటకు ఆ చీటి నకలునే అటవీశాఖ లెక్కలలో వెదకవలసివచ్చును. చీటి దొరకనివారికి నిబంధనలు ఇంకొక దారి యుంచినవి: ఊరి పెద్దలు చెప్పిన మాటను వ్రాతలో నుంచినచో అదియు సాక్ష్యమగును. 2022లో నరసరావుపేట ముఖ్యపట్టణముగా ఏర్పడిన పలనాడు జిల్లాలో, పుల్లరి దినములను తండ్రుల నోట విన్న పెద్దలు ఇంకను కొందఱు కలరు.